పెంగ్విన్ కొత్త కాపురం

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను తుడిచేసి లైనక్స్ ఒక్కటే పెట్టుకున్నామంటే చాలు, చుట్టాలు జాలిగా చూస్తారు. 2017 నవంబరు నుంచి ప్రపంచ టాప్ 500 జాబితాలోని సూపర్ కంప్యూటర్లన్నీ నడిచేది ఆ లైనక్స్ మీదే. జాలిపడే బావగారి జేబులోని ఆండ్రాయిడ్‌లో ఉన్నదీ లైనక్స్ కెర్నలే! అయినా మన వైఫై చిప్ ఒక్కోసారి అలుగుతుంది. డ్రైవరు ఉంటే గానీ నెట్ రాదు, నెట్ ఉంటే గానీ డ్రైవరు దిగదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. (బావగారి ఫోన్‌ను కేబుల్‌తో తగిలిస్తే ఆ గండం గడుస్తుంది లెండి.)

అసలు చురుక్కుమనేది బిల్లు. లైనక్స్ ఉచితమే. తుడిచేసిన విండోస్‌కు మాత్రం ల్యాప్‌టాప్ ధరలోనే డబ్బు కట్టేసి ఉంటాం. కొనేముందే ఓఎస్ లేని మోడల్ ఉందా అని షాపువాణ్ని అడగండి.