ఎడమ చెవి

నా ఎడమ చెవిలో సన్నగా ఒక కూత ఉంటుంది. పగలంతా తెలియదు. రాత్రి గల్లీలో బండ్ల చప్పుడు అణిగి, కరెంటు పోయి ఫ్యాను ఆగితే అప్పుడు మొదలవుతుంది, దూరంగా ఎవరో విజిల్ నోట్లో పెట్టుకుని ఊపిరి తిప్పుకోకుండా ఊదుతున్నట్టు. 2023 నవరాత్రుల్లో, సూరత్ పక్కన కామ్‌రేజ్‌లో పట్టుకుంది. పట్టుకుంది అనడం కూడా తప్పే. నా చేతులారా తెచ్చుకున్నాను. ఎలా తెచ్చుకున్నానో ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

మాది సూరత్‌లో లింబాయత్. బాపు సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ముప్పై ఏళ్లు పనిచేశాడు. సాంచాల షెడ్డులోకి అడుగుపెడితే మాట పనికిరాదు. తొంభై డెసిబెల్స్ దాటిన మోతలో కార్మికులు చేతి సైగలతోనూ పెదవుల కదలికతోనూ మాట్లాడుకుంటారు. బాపుకి యాభై నిండకముందే చెవులు మందగించాయి. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే కుడివైపుకి తల తిప్పి, కొంచెం ముందుకు వంగి వింటాడు. ఆ మోతలోకి వెళ్లొద్దనే నన్ను చదివించాడు. పగలు రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో లెక్కలు రాస్తాను. పాట నాకు రెండో బతుకు. బతుకమ్మకి, గణపతికి మా గల్లీల్లో పాడతాను. నవరాత్రులొస్తే గుజరాతీ ఆర్కెస్ట్రాతో గర్బా స్టేజీలెక్కుతాను.

గర్బా పాడటం తక్కిన పాటల వంటిది కాదు. మొదలుపెడితే గంట, గంటన్నర ఆగదు. ఒక పాట తోకలోంచి ఇంకో పాట లేస్తుంది, మూడు చప్పట్ల నడక హీంచ్ తాళంలోకి దొర్లుతుంది, వేగం పెరుగుతూ పోతుంది, కింద వేల కాళ్లు ఆ తాళం మీదే తిరుగుతుంటాయి. మధ్యలో ఆగి గొంతు సవరించుకోవడానికి, ఏదైనా సరిచేసుకోవడానికి సందు దొరకదు. పక్కనే ఇద్దరు ఢోల్ వాళ్లు, వెనక ఆక్టోప్యాడ్. ఎవరికి వారు తమ ముందున్న వెడ్జ్ స్పీకర్లో ఇంకొంచెం పెంచమంటారు. నాలుగో రాత్రికి నా గొంతు నాకే వినబడక అరిచి అరిచి గొంతు బొంగురుపోయేది. చెవిలో పెట్టుకుని నా గొంతు నేను వినే మానిటర్ కావాలన్న కోరిక అక్కడ పుట్టింది. ఆ కోరికలో తప్పేమీ లేదు. 1995లో వాన్ హాలెన్ అనే రాక్ బృందానికి మానిటర్లు చూసే జెర్రీ హార్వీ, ఆ బృందంలో డ్రమ్ములు వాయించే అలెక్స్ వాన్ హాలెన్ బాధ చూడలేకే రెండు డ్రైవర్లు, అంటే రెండు బుల్లి స్పీకర్లు ఉన్న ఇయర్‌ఫోన్ తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ అనే కంపెనీ అలా మొదలైంది. స్టేజీ మోత నుంచి చెవిని కాపాడటానికి పుట్టిన వస్తువది. దానితోనే నేను చెవి పోగొట్టుకున్నాను.

మొదట చేసిన తెలివితక్కువ పని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో ప్రాక్టీసుకి వెళ్లడం. ఢోల్ మీద కర్ర పడటం కంటికి కనిపిస్తుంది, చెవికి చప్పుడు తర్వాతెప్పుడో వస్తుంది. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఉంటుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, ఢోల్ వాడు నాకు యాభై నుంచి డెబ్బై మీటర్ల దూరంలో నిలబడి వాయిస్తున్నట్టు లెక్క. ఆ రోజే దాన్ని పక్కన పెట్టాను. అక్కడైనా ఆగి, ఎవరినైనా అడిగి ఉండాల్సింది.

అడగకుండానే చెప్పినవాడు కూడా ఉన్నాడు. మా కీబోర్డు వాయించేది మా బావ. "నువ్వు స్టేజి మీద ఉరుకుతవా, దుంకుతవా? మైకు స్టాండు కాడ్నే నిలవడ్తవు. వైరున్న చిన్న డబ్బా తీస్కో, రెండు సెల్లులేస్తే రాత్రంత నడుస్తది" అన్నాడు. అతను వాడేది బెరింగర్ పీ2. నడుముకి తగిలించుకునే అరచేతి కంటే చిన్న పెట్టె, రెండు ట్రిపుల్ ఏ సెల్లులు, మిక్సర్ నుంచి ఒక కేబుల్. రేడియో తరంగాల గొడవ దానికి లేదు. నాకు ఆ కేబుల్ చిన్నతనంగా అనిపించింది. పెద్ద గాయకుల వీడియోల్లో వాళ్ల వీపు మీద వైరు కనబడదు. నేను కొనాలనుకున్నది శబ్దాన్ని కాదని ఇప్పుడు తెలుస్తోంది, ఆ రూపాన్ని.

11,500 రూపాయలు పెట్టి ఒక వైర్‌లెస్ సెట్టు తెప్పించాను. పేరు రాయను, తప్పు దానిది కాదు. ఒక ట్రాన్స్‌మీటర్, ఒక రిసీవర్, రెండూ అగ్గిపెట్టెలంత. పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ అనీ, ముప్పై మీటర్ల దూరం అనీ, ఐదు మిల్లీసెకన్ల లోపు ఆలస్యం అనీ ఉంది. చివరిది చదివి మురిసిపోయాను. మొదటిది ఏమిటో ఆలోచించలేదు. మా గదిలో పెట్టి గల్లీ చివరిదాకా నడిచాను, ఎక్కడా తెగలేదు. మరునాడు అవ్వ చెవిలో పెట్టి నా పాట వినిపించాను కూడా.

ఆ గదిలో బాగా పనిచేయడానికి కారణాన్ని నేను దాని గొప్పతనం అనుకున్నాను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని మనిషి ఒళ్లు మింగేస్తుంది, మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి. గదిలో గోడలు, కప్పు దాన్ని తిప్పి కొడతాయి, ఏదో ఒక దారిన రిసీవర్‌కి చేరుతుంది. బయలు మైదానంలో గోడ లేదు, కప్పు లేదు. నా ఒళ్లే అడ్డమైతే ఇక వేరే దారి లేదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

వరాఛా, సర్థానా దాటి కామ్‌రేజ్ చార్ రస్తా వైపు పోతే రోడ్డు పక్కన పార్టీ ప్లాట్లు, అంటే వేడుకల మైదానాలు, వరసగా వస్తాయి. ఆ పట్టీ అంతా సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివాళ్ల కుటుంబాలు. గర్బా అంటే ప్రాణం పెడతారు. మేం సాయంత్రం ఆరింటికి చేరాం. మైదానం ఖాళీ. సౌండు చూసే పెద్దాయనని అందరం కాకా అంటాం, స్టేజీ కింద పుట్టి పెరిగినట్టుండే మనిషి. నా డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది ఏ బ్యాండులో నడుస్తుంది?" అని హిందీలో అడిగాడు. "డిజిటల్ కాకా, ఏం కాదు" అన్నాను. అడిగిందొకటి, చెప్పిందొకటి. ఆయన నా ముఖం చూసి ఊరుకున్నాడు. ట్రాన్స్‌మీటర్‌ని నేనే తీసుకెళ్లి స్టేజీ వెనక మిక్సర్ ర్యాక్ మీద, ఖాళీగా కనబడిన చోట పెట్టాను. దాని పక్కనే రెండు యాంటెన్నాలతో ఒక నల్ల పెట్టె ఉంది. కాకా ట్యాబ్లెట్‌తో మిక్సర్ నడిపేందుకు పెట్టుకున్న వైఫై రౌటర్ అది. అదీ 2.4లోనే ఉంది. జానెడు దూరం.

తొమ్మిదిన్నరకి ఆరతి అయింది, గర్బా లేచింది. అప్పటికి మైదానంలో వేల మంది, ప్రతి జేబులో ఒక ఫోను, చాలా చేతులకి వాచీ, కొన్ని చెవుల్లో బ్లూటూత్. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఆ ఇరుకు సందు లైసెన్సు అక్కర్లేని సందు, కాబట్టి వైఫై, బ్లూటూత్, నా డబ్బా, అందరం అందులోనే. ఆరింటికి ఖాళీ మైదానంలో చేసిన సౌండ్ చెక్ నాకు చెప్పింది ఏమీ లేదన్నమాట. మూడో పాటలో తెగడం మొదలైంది. ఒక అక్షరం వినిపిస్తుంది, రెండు పోతాయి. ఒక విషయం మాత్రం అప్పుడే గమనించాను. జనం వైపు తిరిగితే తెగుతోంది, ఢోల్ వైపు పక్కకి తిరిగితే వస్తోంది. రిసీవర్ నా నడుముకి ముందువైపు కుర్తా కింద ఉంది, ట్రాన్స్‌మీటర్ నా వెనక ర్యాక్ మీద. మధ్యలో నేను. కళ్లెదుట కనబడుతున్న ఈ కారణాన్ని చూసి కూడా చూడలేదు. వాల్యూమ్ పెంచాను.

తెగే శబ్దాన్ని పెంచితే తెగకుండా పోదు, వచ్చినప్పుడు గట్టిగా వస్తుంది, అంతే. పైగా డబ్బాతో వచ్చిన రబ్బరు టిప్పులు నా చెవికి వదులు. చెవి రంధ్రం గాలి చొరకుండా మూసుకోకపోతే బేస్ జారిపోతుంది, బయటి మోత లోపలికి వస్తుంది. దాన్ని కప్పడానికి మళ్లీ పెంచాను. అప్పటికీ జనం చప్పట్లు వినబడక ఒంటరిగా అనిపించి కుడిచెవిది పీకేశాను. రెండు చెవులు పంచుకోవాల్సిన బరువు ఎడమ చెవి ఒక్కదాని మీద పడింది. మళ్లీ పెంచాను. పన్నెండుకి గర్బా ఆగేదాకా, దాదాపు రెండు గంటలు అలా పాడాను.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చు, ప్రతి మూడు డెసిబెల్స్‌కి ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గర పావుగంట. నా చెవిలో ఎంత మోగిందో కొలవలేదు. పావుగంట ఎన్నిసార్లు దాటిందో మాత్రం తెలుసు.

ఇంతవరకు జరిగింది తెలియనితనం. తర్వాతది అది కాదు. గర్బా ఆగగానే, స్టేజీ మీద, బృందంలోని పిల్లలందరి ముందు కాకా మీద అరిచాను. "మానిటర్ ఇవ్వడం చేతకాకపోతే చెప్పెయ్యి" అన్నాను. వయసులో బాపు అంత మనిషి. ఆయన మారుమాట్లాడలేదు. మిక్సర్ ర్యాక్ దగ్గరికి వెళ్లి నా ట్రాన్స్‌మీటర్ తీసి, ఒక మైకు స్టాండు తెచ్చి, దాన్ని తల ఎత్తున కట్టి, స్టేజీకి ముందు మూల, నాకు ఎదురుగా నిలబెట్టాడు. రౌటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాడు. మరునాడు రాత్రి సగానికి సగం తక్కువ తెగింది. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

కూత ఆ మొదటి రాత్రి ఇంటికొచ్చేసరికే ఉంది. పండగ అయితే పోతుందిలే అనుకుని తొమ్మిది రాత్రులూ అదే డబ్బాతో పాడాను. దీపావళి తర్వాత పరీక్ష చేయించుకుంటే, కాగితం మీద ఎడమ చెవి గీత 4000 హెర్ట్జ్ దగ్గర గుంతలోకి దిగి మళ్లీ పైకి లేచింది. మోత వల్ల చెడిన చెవికి గుంత అక్కడే మొదట పడుతుంది. ఆ గీత నాకు కొత్త కాదు. బాపు కాగితంలో చూశాను. ఆయనది రెండు చెవులకీ ఉంది, ఇంకా లోతు.

ఆ తర్వాతే తెలుసుకోవడం మొదలుపెట్టాను. తక్కువ డబ్బులో ఈ వస్తువు కొనాలనుకునే మా గల్లీ పిల్లలు ఇప్పుడు నన్నడుగుతారు. నేను ముందు అడిగేది, కూర్చుని వాయిస్తావా, తిరుగుతావా అని. కూర్చునేవాడికి, స్టాండు దగ్గర నిలబడేవాడికి వైరే మేలు. మిగిలిన డబ్బు ఇయర్‌ఫోన్ మీద, చెవికి సరిగ్గా కూర్చునే ఫోమ్ టిప్పుల మీద పెట్టమంటాను. తిరగక తప్పనివాడికి 2.4 సెట్టు చిన్న హాలుకి చాలు, నవరాత్రి మైదానానికి చాలదు. దానికి యూహెచ్‌ఎఫ్ కావాలి, ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలుండాలి. షూర్ పీఎస్‌ఎం300 లాంటిది పాతది దొరికితే కొత్త చవక డబ్బా కంటే నయం. కానీ పాతది కొనేముందు వెనక అంటించిన స్టిక్కరు చదవాలి. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండును జియో దేశమంతా తీసుకుంది, ఆ బ్యాండులో టవర్లు 758 నుంచి 803 మధ్య ప్రసారం చేస్తాయి. ఆ అంకెల మధ్య నడిచే సెట్టు ఎవరైనా చవకగా అమ్ముతుంటే ఎందుకు అమ్ముతున్నారో ఆలోచించాలి. మిక్సర్లో చెవికి పంపే ఆక్స్ ప్రీ-ఫేడర్ మీద ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే బయట గొంతు తగ్గించినప్పుడల్లా చెవిలోనూ తగ్గుతుంది, పాడేవాడు నాలాగే పెంచుకుంటూ పోతాడు. ఒక్క చెవిది మాత్రం ఎప్పుడూ పీకొద్దంటాను. జనం వినబడకపోతే జనం వైపు ఒక మైకు పెట్టించుకుని మిక్స్‌లో కలుపుకోమంటాను.

ఇవన్నీ కాకాకి ముందే తెలుసు. ఆయన అడిగిన ప్రశ్నకి ఆ సాయంత్రం నేను "తెలియదు" అని ఉంటే అన్నీ చెప్పేవాడు. క్షమాపణ చెప్పడానికి నాకు ఏడు నెలలు పట్టింది. కామ్‌రేజ్‌లో ఆయన గోడౌనుకి వెళ్లాను. ఎండలో కేబుళ్లు చుడుతున్నాడు, ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట లోపలినుంచి, మెలి పడకుండా. నేను చెప్పాలనుకున్నది చెప్పేశాను. ఆయన చుట్టడం ఆపి, "ఏ చెవి?" అని అడిగాడు. ఎడమదన్నాను. లేచి నా కుడివైపుకి వచ్చి కూర్చుని, చాయ్ తెప్పించాడు.

ఇంట్లో మాత్రం చెవి పరీక్ష అనే మాటే ఎత్తలేదు. మొన్నొక పొద్దున అన్నం తింటుంటే అవ్వ వంటింట్లోంచి ఏదో అడిగింది. నేను తిరిగి చూశాను. ఆమె గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంరా, బాపు లెక్క తిరుగుతున్నవ్?" అంది.