ఆగినవాడికి దెబ్బ తగలదట

ఈ కొత్త రేసింగ్ గేమ్ ట్రైలర్ అందరూ చూసే ఉంటారు. ‘అచ్చం నిజజీవితంలో లాంటి డ్యామేజ్’ అట. అద్దం పగిలితే ఏ పెంకుకా పెంకు మెరుస్తోంది. బంపర్ మీది గీతలో సూర్యుడు కూడా కనబడుతున్నాడు. సంతోషం. డెమోలో సిగ్నల్ దగ్గర కారు ఆపాను. వెనకనుంచి లారీ 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దింది. లారీ నుజ్జునుజ్జయింది. నా కారుకు పెయింట్ కూడా చెదరలేదు.

చిత్రమేం లేదు. ఆటలో దెబ్బల లెక్క రాసిన మహానుభావుడు ఎవరి వేగాన్ని బట్టి వాళ్లకే శిక్ష వేశాడు. లారీది 100, దానికి వంద దెబ్బ. నాది సున్నా, నాకు సున్నా. ఎవరి కర్మ వారిదే. ధర్మశాస్త్రంగా బాగానే ఉంది. ఫిజిక్స్ అని ఎందుకు అమ్ముతున్నారో!

హైవే ఎక్కితే ఈ కర్మ సిద్ధాంతం ఇంకా ముదురుతుంది. ముందు కారు 98లో పోతోంది, నేను 100లో వెళ్లి వెనక తగిలాను. ఇద్దరి మధ్య తేడా గంటకు 2 కిలోమీటర్లు, మనిషి నడకలో సగం కూడా లేదు. అయినా ఇద్దరం భస్మం! అదే చెరో 50లో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే? దగ్గరపడే వేగం 100. ఆట మాత్రం చెరో యాభై వడ్డించి ఊరుకుంటుంది. కాబట్టి ఈ లోకంలో బతికి బట్టకట్టాలంటే తోటి ప్రయాణికుణ్ణి తాకకూడదు, ఎదురొచ్చేవాణ్ణి గుద్దాలి. నడిరోడ్డు మీద బండి ఆపేస్తే ఇక చావే లేదు. ఆడే పిల్లలు ఈ కిటుకు అప్పుడే పట్టేశారు. ప్రత్యర్థి మీదికి దూసుకొస్తే చాలు, బ్రేకు నొక్కి కూర్చుంటున్నారు. రేసింగ్ గేమ్‌లో గెలుపు మార్గం ఆగిపోవడం!

ఇక నవ్వలేను. ఇది బ్రహ్మవిద్యేం కాదు. సాపేక్ష వేగం ఇంటర్ మొదటి సంవత్సరం పాఠం. ఒకదాని వేగంలోంచి ఇంకోదాని వేగం, దిశతో సహా, తీసేయాలి. అంతే. ఆటలు తయారుచేసే యూనిటీ ఇంజిన్‌లో ఆ తీసివేత కూడా మనం చేయక్కర్లేదు. గుద్దుకున్న క్షణంలోనే ఇంజిన్ సాపేక్ష వేగాన్ని లెక్కగట్టి చేతికిస్తుంది, తాకిడి మోతాదు చెప్పే ఇంపల్స్‌తో సహా. తీసుకోవడానికి బద్ధకం. మెరుపులకు నెలల తరబడి మనుషుల్ని కూర్చోబెడతారు, ఒక్క తీసివేతకు తీరిక దొరకదు. ఇది పొరపాటు కాదు, ఆడేవాడంటే లెక్కలేనితనం.

ఇలాంటి ఆటలు రాసేవాళ్ల మిగతా ఘనకార్యాలూ తక్కువేం కాదు. ఢీకొన్న కబురు ఇంజిన్ రెండు వస్తువులకూ చెబుతుంది. రెండూ ‘నాకో దెబ్బ, నీకో దెబ్బ’ అని రాసుకుంటే ప్రతి గుద్దుకూ రెట్టింపు వసూలు. ఆనుకున్నంతసేపూ ఫ్రేముకో దెబ్బ వేసేవాళ్లున్నారు. సెకనుకు 30 ఫ్రేముల పాత కంప్యూటర్ మీద కన్నా 120 ఫ్రేముల కొత్తదాని మీద నాలుగింతలు త్వరగా చస్తాం. డబ్బున్నవాడికే అల్పాయుష్షు. ఏది దేన్ని తాకిందో సెకనుకు 50 సార్లే చూసే ఆటలో సెకనుకు 300 మీటర్ల వేగపు తూటా ఒక్కో గెంతుకు 6 మీటర్లు దాటుతుంది, మధ్యలో గోడ ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. ఇక సొట్టల సంగతికొస్తే, 1997లో మొదలైన రేసింగ్ సిరీస్ గ్రాన్ టురిస్మోలో కారు సొట్టపడటానికి 2010లో ఐదో భాగం రావాల్సి వచ్చింది. కనీసం వాళ్లు అంతవరకూ సొట్టల పేరు చెప్పి అమ్మలేదు.

అప్‌డేట్‌లో సరిచేస్తారట. ముందస్తు బుకింగ్ సొమ్ము మాత్రం ఇప్పుడే కట్టాలట. ఆ తీసివేత చేసి చూపించండి, అప్పుడు కడతాను.