మూడు దేశాల ఇసుకమేట మీద

నేను హార్బర్ సీల్‌ని. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ తీరాల వెంట దాదాపు 500 కిలోమీటర్ల మేర పరుచుకున్న వాడెన్ సముద్రం నా పుట్టిల్లు. ఇక్కడ నీరు రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. అప్పుడు బయటపడే ఇసుకమేటల మీదే మా నిద్ర, మా కాన్పులు, పిల్లలకు పాలివ్వడం. ఒక జూన్ నెల ఆటువేళ అమ్మ నన్ను కన్నది. మేట మునిగేసరికి నేను ఆమె పక్కన ఈదుతున్నాను. పుట్టిన గంటల్లోనే ఈత రాకపోతే మా జాతికి బతుకు లేదు.

నేను పుట్టిన మేట జర్మనీది. చేపల వెంట పడితే డచ్చి నీళ్లలో తేలేదాన్ని. నీటిలో ఏ సరిహద్దూ నాకు తగల్లేదు. మా పెద్దలకు మాత్రం తగిలింది. నెదర్లాండ్స్ 1962లోనే మా వేటను ఆపేసినా, డెన్మార్క్ వైపు 1970ల దాకా తుపాకులు పేలుతూనే ఉన్నాయి.

తుపాకులు ఆగినా విషం ఆగలేదు. రైన్ నది మోసుకొచ్చిన పీసీబీ రసాయనాలు చేపల్లోకి, చేపల నుంచి మా కొవ్వులోకి చేరాయి. డచ్చి పరిశోధకులు కొన్ని ఆడ సీళ్లకు మా సముద్రపు చేపలూ, మరికొన్నిటికి అట్లాంటిక్ చేపలూ పెట్టి చూశారు. మా చేపలు తిన్నవాటికి పిల్లలు తక్కువ పుట్టాయి.

ఆ తర్వాత 1988 వచ్చింది. కుక్కలకు సోకే డిస్టెంపర్ జబ్బు వైరస్‌కు దగ్గరి చుట్టమైన ఒక వైరస్ మా మీద పడింది. ఏప్రిల్‌లో డెన్మార్క్‌కు చెందిన ఆన్‌హోల్ట్ దీవిలో బయటపడి, వేసవిలోనే మా మేటల మీదికి వచ్చిపడింది. ఉత్తర ఐరోపాలో దాదాపు 18,000 సీళ్లు చనిపోయాయి. మా సముద్రంలో సగానికి పైగా పోయాం. ఊపిరందక ఎగశ్వాసతో ఒడ్డుకు చేరిన అమ్మ మళ్లీ నీళ్లలోకి రాలేదు.

ఈ సముద్ర రక్షణ గురించి మూడు దేశాల ప్రభుత్వాలూ 1978 నుంచే మాట్లాడుకుంటున్నాయి. 1987లో జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో ఉమ్మడి కార్యాలయం కూడా తెరిచాయి. అయినా సీళ్ల కోసమే ఒక ఒప్పందం కుదిరింది మాత్రం ఇన్ని చావుల తర్వాత, 1990లో. మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. వేట నిషేధం, కాలుష్యం తగ్గింపు, పిల్లలు కనే మేటలకు రక్షణ అన్నీ అందులో ఉన్నాయి. నన్నడిగితే వాటన్నిటికీ ఆయువుపట్టు మమ్మల్ని లెక్కపెట్టడమే. జూన్‌లో పిల్లల కోసం, ఆగస్టులో మేం బొచ్చు రాల్చుకునేటప్పుడు, మూడు దేశాల విమానాలూ ముందే మాట్లాడుకుని ఆటువేళల్లో మా మీదుగా ఎగురుతాయి. ఎవరికి వారు లెక్కపెట్టుకుంటే సరిహద్దు దాటిన సీల్ రెండుసార్లు పడవచ్చు, అసలు పడకపోనూ వచ్చు. కలిపి లెక్కపెడితేనే మేమెందరమో తెలుస్తుంది, ఎందరం పోయామో కూడా.

2002లో అదే వైరస్, అదే దీవి నుంచి మళ్లీ వచ్చింది. ఒకసారి గండం గడిచిన ఒళ్లు కనుక నేను తట్టుకున్నాను. నా కూతురు తట్టుకోలేదు. తర్వాతి ఏళ్లలో మా మంద తిరిగి ఎలా పెరిగిందో ఆ ఉమ్మడి లెక్కే చెప్పింది. 2009లో ఈ సముద్రం ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. డెన్మార్క్ భాగం 2014లో చేరింది.

ఇప్పుడు ముసలిదాన్నయ్యాను. ఈ మధ్య జూన్‌లో పిల్లలు బాగానే కనబడుతున్నా, ఆగస్టు లెక్క మునుపటికన్నా తగ్గింది. ఆ పిల్లలు ఏమవుతున్నాయో మూడు దేశాల వాళ్లూ కలిసే వెతుకుతున్నారు.