ధూమవారుణీ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఆదియందు సముద్రపు గాలి. పిమ్మట తారు, టింక్చర్ అయొడిన్, తడిసిన తోలు. నాలుక మీద మాగిన పియర్ పండు, తేనె. ముగింపు దీర్ఘం.

అవతారిక: ఈ సూత్రం ఏ ఒక్క కర్తదీ కాదు. లిమిటెడ్ ఎడిషన్ సింగిల్ మాల్ట్ విస్కీలకు రాసే రుచివాక్యాల సారసంగ్రహం. లక్ష్యంగా తీసుకున్నది ఆక్టోమోర్ 08.3. స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల ఐలా ద్వీపంలో 1881లో పుట్టి, 1994లో మూతపడి, 2001లో మళ్లీ పొయ్యి వెలిగించిన బ్రూక్‌లాడీ బట్టీ దీన్ని 2017లో విడుదల చేసింది. వయసు అయిదేళ్లు, ఆల్కహాలు 61.2 శాతం, చాటుకున్న సంఖ్య 309.1 పీపీఎం. వ్యాఖ్యాతను కదిలించినది ఆ సంఖ్యే.

ప్రతిపదార్థం: తారు = తారు; తేనె = తేనె; సులభములు గనుక తక్కినవి విడువబడినవి. తడిసిన తోలు రుచి గుర్తుపట్టినవాడు అంతకుముందెప్పుడో తోలు నమిలి ఉండాలి గదా అన్న శంకకు సూత్రకారులు సమాధానం చెప్పలేదు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. రుచివాక్యాలు రాసేవారికి రెండో నియమం మాట దేవుడెరుగు, మొదటిదీ లేదు.

తాత్పర్యం: పొగ వాసన వేసే ఘాటు మందు. కాస్త తీపి ఉంది.

విశేషం: మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్ రాజేస్తారు. బురదనేలల్లో నాచు, గడ్డి, తుప్పలు పూర్తిగా కుళ్లకుండా ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకోగా ఏర్పడిన మట్టిగడ్డ పీట్. దాని పొగలో వాసననిచ్చే ఫినాళ్లనే రసాయనాలు తడి గింజకు పడతాయి. ఇక్కడ తార్కికులను పిలవక తప్పదు. కొండ మీద పొగ ఉంటే నిప్పుంటుంది, వంటింట్లోలాగ; నిప్పు లేనిచోట పొగ ఉండదు, చెరువులోలాగ. తర్కసంగ్రహం పట్టిన ప్రతి పిల్లవాడికీ అబ్బే పాఠం ఇది. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగు పండితుడే గాని, ఐలా సరుకు ఎరగడు. ఎరిగి ఉంటే చెరువు దగ్గర ఆగి ఆలోచించేవాడు: గ్లాసులో ఉన్నది ద్రవం, నిప్పు లేదు, పొగ మాత్రం ముక్కు పగలగొడుతోంది. వ్యతిరేక దృష్టాంతం మునిగిపోయినట్టేనా? మునగలేదు. గ్లాసులో ఉన్నది ధూమం కాదు, ధూమగంధం. గంధం పృథివికి గుణం. నీటిలో తోచే వాసనంతా అందులో కలిసిన పార్థివ కణాలది. ఇక్కడ ఆ పృథివి సాక్షాత్తు తవ్వి తెచ్చిన మట్టిగడ్డే! నిప్పున్నంత మాత్రాన పొగ రాదని కూడా శాస్త్రం హెచ్చరిస్తుంది. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. ఉపాధిగా ఆర్ద్రేంధన సంయోగం, అనగా తడి ఇంధనం తోడు, ఉండాలి. పీట్‌ను మండనీయకుండా చెమ్మగా ఉంచి పొగబెట్టే పనివాడు ఈ ఉపాధిని గడ్డపారతో నేర్చుకున్నాడు. న్యాయశాస్త్రాన్ని ఇంత నిష్ఠగా పాటించే మందు మరొకటి లేదు.

ప్రకృతం: 309.1 అంటే పది లక్షల పాళ్లలో అన్ని పాళ్ల ఫినాళ్లు. కొలిచింది గింజలో. ఆ గింజను మరపట్టి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ దించి పీపాకు ఎత్తేసరికి అందులో చాలా భాగం పోతుంది. పైగా బార్లీ ఐలాలో పండినా, పొగ పట్టింది సముద్రానికి ఇవతల ఇన్వర్‌నెస్‌లో. సాధించదలచిన చోట హేతువే లేకపోవడాన్ని శాస్త్రం స్వరూపాసిద్ధి అంటుంది; అంగడి దాన్ని దశాంశంతో సహా అచ్చు వేసి అమ్ముతుంది. డబ్బు పోసి కొన్నవాడు తాగేది గింజను కాదు. అతడి గ్లాసులో ఎంత పొగ ఉందో పెద్దక్షరాల్లో చెప్పేవారు లేరు.

ముగింపు దీర్ఘం: "బిల్లు దీర్ఘం" అని పాఠాంతరం. ఈ పదం దగ్గరే, హైదరాబాదులో గానీ డాలస్‌లో గానీ, సీసా తెచ్చిన గృహస్థు రుచివాక్యం పైకి చదివి నీళ్లసీసా అవతల పెట్టిస్తాడు. "బావగారూ, నీళ్లు పోశారో, దీన్ని అవమానించినట్టే!" బావగారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ తోలు తగిలిందంటాడు. అదే 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ లెక్కలతో తేల్చింది వేరు. పొగవాసనకు మూలమైన గ్వయకాల్ అణువు, ఆల్కహాలు 45 శాతానికి మించనప్పుడు ద్రవం పైకి చేరుతుంది. 59 దాటితే ఆల్కహాలు అణువుల నడుమ లోపలికి దిగుతుంది. ఈ సీసా 61.2. నీళ్లు వద్దన్న గృహస్థు తాను కొన్న పొగను తానే దాచిపెడుతున్నాడన్నమాట. 30 మిల్లీలీటర్ల పెగ్గును 45 శాతానికి దించడానికి సుమారు 11 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. అంటే రెండు టీస్పూన్లకు కాస్త ఎక్కువ. పక్కవాడి అనుమతి అక్కరలేదు.