వంగిన వంశాంకురం

మా ఇంట్లో రోజూ హోంవర్క్ వేళకు ఒకే మంత్రం వినిపిస్తుంది: "నిటారుగా కూర్చో!" జపించేవాళ్ళం నలుగురం, కూర్చోవలసినవాడు ఒక్కడు. వాడికి అయిదేళ్ళు. పేరుకు వంశాంకురమే గానీ, పుస్తకం ముందు పెడితే చాలు, అంకురం కాస్తా వాలిపోతుంది.

వాడి నాన్నమ్మది, అంటే మా ఆవిడది, బెదిరింపు పద్ధతి. "గూని వస్తుందిరా, రేపు నీకు పిల్లనెవరిస్తారు?" అంటుంది. పిల్లనివ్వకపోతే అది లాభమో నష్టమో వాడికింకా తేలలేదు. మా అబ్బాయి సోఫాలో ముప్పాతికవంతు పడుకుని, పొట్ట మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, "స్ట్రెయిట్‌గా కూర్చో నాన్నా" అంటాడు. కోడలు ఫోన్లోకి వంగి అదే మాట ముద్దుగా చెబుతుంది. నేను పేపర్లోంచి తలెత్తకుండా "ఊఁ, నడుం!" అంటాను. వాడు బుద్ధిమంతుడు. చెప్పినప్పుడల్లా ఠక్కున నిటారవుతాడు. ఆ మాట గాలిలో కలిసేలోపు ఒక్కో వెన్నుపూసే మెల్లగా కిందికి జారుకుంటుంది.

నేను నీటిపారుదల శాఖలో కాలవగట్లు కొలిచి రిటైరైనవాణ్ణి. గట్టు వంగిందంటే గట్టును తిట్టే ముందు దాని అడుగు చూడడం అలవాటు. అందుకని ఒకనాడు టేపు తీశాను.

వాడు రాసుకునేది డైనింగ్ టేబుల్ దగ్గర. కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు, బల్ల ఎత్తు 75. మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇంతే ఉంటుంది. మనవడి ఎత్తు 110, నాది 165. అంటే నేను వాడికి ఒకటిన్నర రెట్లు. వాడికి వేసినటువంటి ఆసనమే నాకూ వెయ్యాలంటే కుర్చీ 67 సెంటీమీటర్ల పైన, బల్ల 112 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఆ కుర్చీ ఎక్కి, కాళ్ళు గాలిలో వేలాడేసుకుని, చంకల దాకా వచ్చిన బల్ల మీద పప్పుచారన్నం కలుపుకోమంటే, రెండో ముద్దకే కంచం పట్టుకుని నేల మీదికి దిగిపోతాను. వాడు అక్కడే కూర్చుని అ నుంచి ఱ దాకా రాస్తున్నాడు!

పైగా కుర్చీ లోతు పెద్దవాళ్ళ తొడలకు చేసింది. వీపు ఆనించాలంటే వాడు కాళ్ళు సీటు మీదే చాపుకోవాలి. మోకాళ్ళు మడవాలంటే ముందుకు జరగాలి. జరిగితే వీపు వెనక ఆసరా ఉండదు, కింద పాదాలకూ ఉండదు. ఇక నడుం వెనక్కి ఒరిగి, వీపు గుండ్రమవుతుంది. ఇందులో వాడి బద్ధకం ఎంత, మా ఫర్నిచర్ బద్ధకం ఎంత?

పక్క ఫ్లాటులో పిల్లలకు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది. "పాదాలు మోపడానికి చోటివ్వండి అంకుల్, నడుం సగం దానంతటదే లేస్తుంది" అంది. అటక మీద మా పెళ్ళిపీట గుర్తొచ్చింది. దించబోతే మా ఆవిడ అడ్డుపడింది. "మన పెళ్ళిపీట మీద వాడి మట్టికాళ్ళా?" ఇన్నేళ్ళకు దానికో ఉద్యోగం దొరికిందే అన్నాను. మోచేతులు బల్లకు అందడానికి సీటు ఎత్తు పెంచాలి. కోడలు లావుపాటి నిఘంటువు పట్టుకొచ్చింది. దాని మీద కూర్చోబెడితే సరస్వతి ఇంట్లోంచి లేచిపోతుందని నాన్నమ్మ కేకలు. చివరికి దుప్పటి మడతపెట్టి వేశాం, వీపు వెనక దిండు దోపాం. సరస్వతీ మిగిలింది, నడుమూ లేచింది.

లేచింది గానీ, పావుగంటే. ఆ తరవాత వాడు బల్ల కింద దూరాడు. నేను వెళ్ళి ఫిర్యాదు చేస్తే ఆ అమ్మాయి నవ్వింది. ఎంత చక్కని భంగిమైనా కదలకుండా ఉంటే కండరాలు అలిసిపోతాయట. పిల్లలు మెదులుతున్నారంటే ఒళ్ళు తన ఏర్పాటు తను చేసుకుంటోందన్నమాట.

వాడు నేల మీద మోకాళ్ళు ముందుకు పెట్టి, పాదాలు చెరోపక్కకు పడేసి డబ్ల్యూ ఆకారంలో కూర్చుంటాడని నాన్నమ్మకు మరో బెంగ. చిన్నపిల్లల తొడ ఎముకలో లోపలివైపు కాస్త మెలిక ఉంటుందనీ, చాలామందికి ఎనిమిది, పదేళ్ళకల్లా అదే సర్దుకుంటుందనీ ఆ అమ్మాయే చెప్పింది. నొప్పి ఉన్నా, కుంటుతున్నా, వీపు ఒకవైపే ఎత్తుగా కనిపించినా, మరోలా కూర్చోవడం చేతకాకపోయినా డాక్టరుకు చూపించాలి. అవేవీ లేకపోతే అప్పుడప్పుడూ బాసింపట్టు వెయ్యమని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోవడం మా ఆవిడ వల్ల కాదు, అది వేరే సంగతి.

ఇంతలో కోడలు భుజాలను వెనక్కి లాగిపట్టే పట్టీ ఒకటి ఆన్‌లైన్లో చూసింది. "పట్టీ డ్యూటీ ఎక్కితే కండరం సెలవు పెడుతుందండీ" అని ఫిజియో అమ్మాయి ఆపింది. మా రోజుల్లో ఈ పట్టీల గొడవ లేదు, తిన్నగా కూర్చోకపోతే గోడకుర్చీ వేయించేవారు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్ని నిషేధించింది కాబట్టి ఇప్పుడు బళ్ళో అది కుదరదు. మా అబ్బాయి మాత్రం నెలనెలా జిమ్‌కు ఫీజు కట్టి, తువ్వాలు పట్టుకెళ్ళి మరీ వేసొస్తున్నాడు.

అయిదేళ్ళలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొన్ని సూచనలిచ్చింది. మూడు, నాలుగేళ్ళవాళ్ళు రోజుకు కనీసం 180 నిమిషాలు ఆడుతూ తిరుగుతూ ఉండాలి, తెర ముందు గంటకు మించి కూర్చోకూడదు. మావాడికి అయిదు నిండినా అది తీసేసేంత మాట కాదని ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. వాడి గంటను ఎలా తగ్గించాలా అని చాలాసేపు చర్చించారు, ఫోన్లు చేతుల్లోనే పట్టుకుని.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పిల్లాడి నడుం మీద కేకలు వేసే ముందు ఒకసారి బల్ల కిందికి వంగి చూడండి. పాదాలు దేనిమీదైనా ఆనుతున్నాయా, మోచేతులు బల్లకు అందుతున్నాయా? కాసేపటికోసారి మంచినీళ్ళు తెమ్మనే వంకతోనైనా వాణ్ణి లేపండి. అటక మీద పెళ్ళిపీట ఉంటే దించండి. ఇంటావిడను ఒప్పించే బాధ్యత మాత్రం నేను తీసుకోను.