గోడ మీది హంస సవ్యంగానే పనిచేస్తోంది

పావగడ శనిమహాత్ముడి గుడికి పోయొచ్చిన వాళ్లెవరికీ విక్రమార్కుడి కేసు కొత్త కాదు. ఆ తాలూకాకు పేరు కర్ణాటక, నోరు తెలుగు, చుట్టూ చూస్తే ఎక్కువ వైపుల ఆంధ్ర. శనిదోషం సరిహద్దులు చూడదు కాబట్టి అనంతపురం వైపు జనమూ అక్కడికే పోతారు. కథ అందరికీ నోటికొచ్చిందే. ఏలినాటి శని పట్టి పరాయి రాజ్యంలో దిక్కులేక తిరుగుతున్న విక్రమార్కుణ్ణి ఒక వర్తకుడు ఇంటికి పిలుచుకుపోతాడు. ఆ ఇంట్లో గోడ మీద గీసిన హంస బొమ్మ, పక్కన తగిలించిన ముత్యాలహారాన్ని మింగేస్తుంది. విక్రమార్కుడు కళ్లారా చూస్తాడు. చెబితే నమ్మేదెవరు? దొంగ అన్నారు. కాళ్లూ చేతులూ నరికించారు. చివరికి గానుగ తోలుకుని బతికాడు. ఏడున్నరేళ్లు గడిచాక అదే హంస, అదే గోడ మీద, హారాన్ని కక్కింది.

కొన్ని చోట్ల హంస కాదు నెమలి అంటారు. ఊరిని బట్టి మోడల్ మారుతుంది, అంతే.

ఆ పాత కేసును మళ్లీ తిరగేయించిన వారం ఒకటి 2025లో వచ్చింది. ఆ ఏడాది జనవరి 21న బ్రిటన్ న్యాయశాఖ ఒక ప్రకటన చేసింది. క్రిమినల్ కేసుల్లో కంప్యూటర్ సరిగ్గానే పనిచేసిందని కోర్టులు ముందే అనుకుంటున్నాయి కదా, అది సబబేనా, తెలిసినవాళ్లు ఏప్రిల్ 15లోగా చెప్పండి అని అడిగింది. మూడు రోజులకే, 24న, మన దేశంలో భీమా కోరేగావ్ అల్లర్ల కేసు నిందితుడు రోనా విల్సన్ బెయిల్ మీద జైలు గేటు దాటారు. 2018 జూన్ 6న అరెస్టయిన మనిషి. ఆరేళ్ల ఏడున్నర నెలలు. శనిమహాత్ముడి లెక్కలో ఇంకా పది నెలల పైచిలుకు బాకీ ఉంది. ఆ మేరకు బాంబే హైకోర్టు రాయితీ ఇచ్చిందనే చెప్పాలి.

ముందు తెల్లదొరల హంస సంగతి. దాని పేరు హొరైజన్. పెంచింది ఫుజిత్సు కంపెనీ. 1999లో బ్రిటన్ పోస్టాఫీసుల్లోకి దిగింది. సాయంత్రం కౌంటర్ మూసి లెక్క చూసుకుంటే వందలు, వేల పౌండ్లు తగ్గేవి. డబ్బు మేం తీయలేదు, కంప్యూటరే తప్పు చూపిస్తోంది అని సబ్ పోస్ట్‌మాస్టర్లు మొత్తుకున్నారు. గోడ మీది బొమ్మ హారం మింగిందన్నవాణ్ణి చూసినట్టే చూశారు వాళ్లను. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఇలాంటి గొడవ దేశం మొత్తంలో మీ ఒక్కరికే వచ్చిందని చాలామందికి చెప్పారు. 2015 వచ్చేసరికి అలాంటి ‘ఒక్కరు’ 900 మంది దాటారు. వాళ్లందరి మీదా నేరం రుజువైంది. అందులో 700 దాకా కేసులు పోస్టాఫీసే స్వయంగా నడిపింది. హారం పోయిందన్నదీ వర్తకుడే, పట్టుకున్నదీ వర్తకుడే, కోర్టులో వాదించిందీ వర్తకుడే.

దీనికి ముహూర్తం కూడా బాగా కుదిరింది. 1984 నాటి చట్టంలో అక్కడ ఒక సెక్షన్ ఉండేది. యంత్రం సరిగ్గా పనిచేస్తోందని చూపించాకే దాని సాక్ష్యం వినాలన్నది. ప్రతి కేసులో అలా చూపించడం పెద్ద తలనొప్పిగా ఉందని 1999లో చేసిన చట్టంతో ఆ సెక్షన్ పీకేశారు. అంటే హంస గోడ ఎక్కిన ఏడాదే, హంసను అడగకూడదన్న ఏర్పాటూ జరిగింది.

వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపిన భారత సంతతి మహిళ సీమా మిశ్రాకు 74 వేల పౌండ్ల దొంగతనం కింద 2010 నవంబరులో 15 నెలల జైలుశిక్ష వేశారు. అప్పుడామె గర్భవతి. శిక్ష చదివిన రోజు ఆమె కొడుకు పదో పుట్టినరోజు. 2021 ఏప్రిల్‌లో ఆ శిక్ష తప్పని కొట్టేశారు. హొరైజన్‌లో తప్పులున్నాయని జడ్జి ఫ్రేజర్ 2019 డిసెంబరులోనే తీర్పు రాశారు. ఆ తీర్పు వచ్చినా శిక్షల రద్దుకు నాలుగేళ్లు కదలని ప్రభుత్వం, 2024 జనవరిలో టీవీలో నాలుగు రాత్రులు నాటకం వేస్తే కదిలింది. మే 24న ఒక్క చట్టంతో వందల శిక్షల్ని గంపగుత్తగా రద్దు చేసింది. ఇంత జరిగాక 2025లో జనాన్ని అడిగింది: హంసను నమ్మొచ్చంటారా?

మన దగ్గర అడగాల్సిన పని లేదు. నమ్మడానికి ఫారం ఉంది.

విక్రమార్కుడి కేసును పావగడ కోర్టులో రివ్యూకు పెట్టారనుకోండి. కూత వేసే బంట్రోతు మూడుసార్లు హంసను పిలుస్తాడు. హంస రాదు. గోడతో సహా రావాలి కదా. సావుకారు మాత్రం మడత నలగని పంచెతో బోనెక్కుతాడు.

“హారం ఎవరు తీశారు?”

“ఇంకెవరు బుద్ధీ, ఈ పరదేశి.”

“హంస మింగిందని ఆయన అంటున్నాడు.”

“అదెట్లా మింగుతుంది స్వామీ? గోడ మీదిది గోడ మీదే ఉంది. తినే రకమైతే పొద్దున్నే నూకలు అడగదా?”

“హంస సరిగ్గా ఉందని ఆధారమేమిటి?”

“నేను రాసిచ్చినాను కదా!”

రాసిచ్చాడు, నిజమే. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ అమల్లో ఉంది. పాత సాక్ష్య చట్టం 65బీ సెక్షన్‌కు కొత్త చొక్కా. దాని కింద సర్టిఫికెట్ రెండు భాగాలు. మొదటిది యంత్రం ఎవరి చేతిలో ఉందో వాళ్లు నింపుతారు: ఆ కాలమంతా యంత్రం సవ్యంగానే పనిచేసింది అని. రెండోది నిపుణుడు నింపుతాడు. రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ విలువంటే హంస వేలిముద్ర. గోడను పెకలించి మూటగట్టిన రోజు నుంచి కోర్టులో విప్పిన రోజు దాకా హంసకు ఈక కూడా ఊడలేదని అది చెబుతుంది. చాలా గొప్ప విషయం. కానీ గోడ పెకలించక ముందు రాత్రి హంస ఏం మింగింది, దాని గొంతులో ఎవరు ఏం కుక్కారు అన్నది ఆ వేలిముద్రలో కనబడదు. విక్రమార్కుడి వకీలు అడిగే ప్రశ్నేమో సరిగ్గా అదే. ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఇక మన హంస. ఇది మింగే రకం కాదు, కక్కే రకం.

2018 ఏప్రిల్ 17న పుణె పోలీసులు ఢిల్లీలో విల్సన్ ఇంటి నుంచి లాప్‌టాప్ పట్టుకుపోయారు. అది కొన్ని ఉత్తరాలు కక్కింది. అందులో ఒకటి ప్రధానిని రాజీవ్ గాంధీ తరహాలో చంపడం గురించి. ఆ ఉత్తరాల పుణ్యమా అని కవులు, లాయర్లు, ప్రొఫెసర్లు, ఒక క్రైస్తవ ఫాదర్ కలిపి మొత్తం 16 మంది లోపలికి పోయారు. తర్వాత నిందితుల వకీళ్లు ఆ లాప్‌టాప్ ప్రతిని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థకు ఇచ్చారు. 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చిన దాని నివేదిక ప్రకారం 2016 జూన్ 13న ఒక ఈ-మెయిల్‌తో నెట్‌వైర్ అనే మాల్‌వేర్ ఆ లాప్‌టాప్‌లో దూరింది. ఎవరో 22 నెలల పాటు దూరం నుంచే దాన్ని నడిపించి, దాచిన ఫోల్డరులో పది ఉత్తరాలు పెట్టారు. ఆ ఉత్తరాలను విల్సన్ ఒక్కసారైనా తెరిచిన గుర్తు లేదు. పైగా అవి తయారైన వర్డ్ ప్రోగ్రాం, ఆయన లాప్‌టాప్‌లో ఉన్న వర్డ్ కంటే కొత్తది. అంటే హంస తన ముక్కులో పట్టని హారాన్ని కక్కింది.

ఆ ఈ-మెయిల్ వచ్చింది ఎవరి ఖాతా నుంచి? వరవరరావు ఖాతా నుంచి. ఆయన పంపలేదు, ఖాతాలో దూరినవాళ్లు పంపారన్నది నివేదిక సారాంశం. హంస తెలుగు కవి వేషం కట్టుకుని ఢిల్లీ వెళ్లిందన్నమాట.

వరవరరావును పావగడ చూడకపోలేదు. 2005 ఫిబ్రవరి 10 రాత్రి ఈ తాలూకాలోని వెంకటమ్మనహళ్లిలో రిజర్వు పోలీసుల క్యాంపు మీద నక్సలైట్లు పడి పోలీసుల ప్రాణాలు తీశారు. ఆ కేసులో ఆయన్నూ నిందితుడిగా చూపించి, 2019 జూలైలో పుణె ఎరవాడ జైలు నుంచి తెచ్చి పావగడ కోర్టులో నిలబెట్టారు. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. అది కంప్యూటర్ కేసు కాదు. కాకపోతే ఆయన ఎరవాడలో ఉన్నది మాత్రం ఈ లాప్‌టాప్‌తో మొదలైన కేసులోనే.

ఆర్సెనల్ నివేదికకు, పుణె పోలీసుల నుంచి కేసు అందుకున్న కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ జవాబు చెప్పింది. మా ఫోరెన్సిక్ పరీక్షలో మాల్‌వేర్ ఆనవాళ్లు లేవు, ఆ అమెరికా నివేదిక ఛార్జిషీటులో భాగం కాదు అని. వాదన తిరుగులేనిది. హంస మింగిన సంగతి సావుకారు ఫిర్యాదులో లేదు కాబట్టి హంస మింగలేదు. 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక మరో సంగతి రాసింది. హ్యాకైన ఖాతాల్లో మూడింటికి, అందులో వరవరరావుదీ ఒకటి, రికవరీ కోసం చేర్చిన ఈ-మెయిల్, ఫోన్ నంబరు పుణె పోలీసు అధికారి ఒకరివని పరిశోధకులు గుర్తించారని. అంటే హంసకు నూకలు చల్లింది ఎవరన్న అనుమానం కొత్వాలు ఇంటి దాకా పోయింది. ఛార్జిషీటులో నూకల ప్రస్తావన కూడా లేదు.

ఆర్సెనల్ చెప్పిందే వేదమని ఎవరూ అనక్కర్లేదు. నిందితుల తరఫున చూసిన సంస్థ అది. ఎన్ఐఏ కాదంటోంది. రెండింటిలో ఏది నిజమో తేల్చే పని కోర్టుది. ఆ పని ఎప్పుడు మొదలవుతుంది? విచారణలో. విచారణ ఎప్పుడు? అది హంసనే అడగాలి.

ఇక్కడే బ్రిటన్ వాళ్ల తెలివితక్కువతనం బయటపడుతుంది. వాళ్లు ముందు విచారించారు, తర్వాత శిక్ష వేశారు, ఆ తర్వాత తప్పయిందని సమీక్షించి, రద్దు చేసి, పరిహారాలిచ్చి అందరి ముందూ పరువు పోగొట్టుకున్నారు. మన పద్ధతిలో ఆ బెడదే లేదు. శిక్ష పడితే కదా తప్పుడు శిక్ష! విచారణే లేకుండా ఆరేడేళ్లు లోపలుంచితే సమీక్షించడానికి తీర్పు ఉండదు, రద్దు చేయడానికి శిక్ష ఉండదు. ఏ కమిషనూ అక్కర్లేదు. కాళ్లూ చేతులూ ముందే నరికేస్తే, దొంగతనం జరిగిందా లేదా అన్నది తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక వేళాకోళం చాలు. ఇది కథ కాదు, ఇందులో ఒక మనిషి చచ్చిపోయాడు. ఆ 16 మందిలోని ఫాదర్, స్టాన్ స్వామికి 84 ఏళ్లు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, నీళ్లు తాగే సిప్పర్ కోసం కోర్టును అడుక్కోవాల్సి వచ్చిన మనిషి. 2021 జూలై 5న, బెయిల్ కోసం చూస్తూ, కస్టడీలోనే ప్రాణం వదిలారు. ఆయన కంప్యూటర్‌లోనూ పత్రాలు బయటి నుంచి చొప్పించినవేనని ఆర్సెనల్ నివేదిక 2022 డిసెంబరులో చెప్పింది. పుణె పోలీసులు ఆ కంప్యూటర్‌ను తీసుకుపోయింది 2019 జూన్ 12న. దూరినవాడు తన జాడలు తుడిచేసే పని పెట్టుకుంది జూన్ 11న. రేపు పోలీసులొస్తారని ఆ దొంగకు ఎవరు చెప్పారు? ఏళ్ల తరబడి దేశద్రోహం గురించి లావు లావు ఛార్జిషీట్లు రాసినవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు ఒక్క పేజీ రాయలేదు. సిగ్గుండాలి.

ఈ నిర్లక్ష్యానికి చట్టమే చాప పరిచింది. వీళ్ల మీద పెట్టిన చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ) 43డీ సెక్షన్ కింద, పోలీసుల కాగితాలు చూసి ఆరోపణ పైకి నిజమనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదు. ఆ కాగితాలను బెయిల్ దశలో లోతుగా తరచి చూడకూడదని 2019 ఏప్రిల్‌లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లాప్‌టాప్ కక్కినదే పైకి నిజం. అది ఎవరు కుక్కారన్నది విచారణలో తేలాల్సిన విషయం. ఆ విచారణ దాకా బతికుండటం నిందితుడి బాధ్యత. బ్రిటన్ కనీసం తన హంసను అనుమానించే స్థితికి వచ్చింది. అందుకు అక్కడ 900 జీవితాలు ఖర్చయ్యాయి. ఇక్కడెన్ని కావాలి?

చేయాల్సిందేమీ బ్రహ్మవిద్య కాదు. స్వాధీనం చేసుకున్న రోజే యంత్రం ప్రతి నిందితుడి చేతికివ్వాలి. దాన్ని పరీక్షించే ల్యాబ్ పోలీసుల చెప్పుచేతల్లో కాక కోర్టు కింద ఉండాలి. చొరబాటు జరిగిందని నిపుణుడెవరైనా లెక్కలతో చెబితే, బెయిల్ దశలోనే కోర్టు దాన్ని వినాలి. 63వ సెక్షన్ ఫారంలో స్వాధీనానికి ముందు కాలం గురించి ఒక గడి చేర్చాలి.

2025 జనవరి 8న విల్సన్‌కు బెయిల్ ఇచ్చినప్పుడు హైకోర్టు కేసు మంచిచెడ్డల జోలికి పోలేదు. అంటే లాప్‌టాప్ జోలికీ పోలేదు. చూపిన కారణం: ఏళ్లుగా జైల్లోనే ఉన్నారు, సాక్షులు 300 మందికి పైగా ఉన్నారు, విచారణ ఇప్పట్లో ముగిసేలా లేదు. ఆ రోజుకు ఈ కేసులో అభియోగాలు కూడా ఖరారు కాలేదు.