రోలు పగల్లేదు, బోర్డు వంగింది

కొన్నాళ్లుగా మా ఇంటికొచ్చినవాళ్లు "ఎలా ఉన్నారు?" అనడం మానేసి "ఎలా ఉంది?" అంటున్నారు. బోర్డు గురించి.

హైదరాబాదు అల్లుడు సంక్రాంతికి తెచ్చిన ప్యాడిల్ బోర్డది. దానిమీద నిలబడి తెడ్డు వేసుకుంటూ కాలువలో షికారు చెయ్యాలట. గోదావరి జిల్లాలో అల్లుడికి పెట్టడమే గాని అల్లుడి దగ్గర పుచ్చుకోవడం లేదు, అందుకే అచ్చిరాలేదని మా ఆవిడ తీర్పు. ఎండాకాలం రాగానే కాలువలు కట్టేశారు. నీళ్లు లేనప్పుడు నీటి బోర్డు ఎక్కడుంటుంది? రాజమండ్రి డాబా మీద. కొసలు రెండూ పైకి లేచి, నడుం కిందికి దిగి, మే నెలాఖరుకి అచ్చం ఉయ్యాలైంది.

ఎండల కీర్తంతా రెంటచింతల కొట్టేసింది. పేపర్లో ఎప్పుడూ దాని పేరే. గోదారి గాలి మాకు పెట్టే ఉక్కపోతకి మాత్రం పేపర్లో చోటు లేదు.

ఇక సలహాలు. "ఇస్త్రీపెట్టె పెట్టండి బావగారూ" అన్నాడు మా బావమరిది. "ఆయ్, తిరగేసి ఎండలోనే పడేయండి. వంచిన ఎండే సాపు చేస్తాదండి" అన్నారు పక్కింటి బాబాయిగారు. చిత్రం, ఆయనే రైటు. ఈ బోర్డు పాలిథిలీన్, మన డాబాల మీద నీళ్ల ట్యాంకుల సరుకే. సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది గాని అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. అప్పుడు బరువు పెట్టి, పూర్తిగా చల్లారేదాకా కదపకుండా ఉంచితే చాలామటుకు దారికొస్తుంది. మరిగే నీళ్లు 100 దాటవు కాబట్టి పోసినా ఫర్వాలేదు. ఇస్త్రీపెట్టె పెడితే బోర్డుతోబాటు పెట్టె కూడా పోతుంది. లోపల థర్మోకోల్, పైన ఫైబర్ ఉన్న బోర్డుకి మాత్రం ఈ వైద్యం చెయ్యకండి. వేడికి లోపలి గాలి ఉబ్బి పైపొర లేచిపోతుంది.

సరే, బరువేది? ఇసుక మూటలైతే శ్రేష్ఠం, బరువు అంతటా సమానంగా పడుతుంది. గోదారి ఒడ్డున ఉండి ఇసుకకి కరువా అంటారేమో, ఒకసారి ధర అడిగి చూడండి. కాబట్టి పెరట్లో రోలు తెమ్మన్నారు.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గదా. ఈ రోలు మా అమ్మమ్మ కాపరానికొచ్చిన నాటిది. ఎన్ని రోహిణులు చూసిందో, గీతైనా పడలేదు. అసలు ఎండకి పగిలిన రోలుని కళ్లారా చూసినవాళ్లెవరైనా ఉన్నారా అని వాకబు చేశాను. వంటమాస్టారు చూళ్లేదన్నారు. పురోహితుడుగారు "విన్నానండీ" అన్నారు. రోళ్లకి కక్కు కొట్టే ముసలాయనైతే "పగిల్తే మాకు బేరాలుండేవి గదండీ" అని నిట్టూర్చాడు. మిక్సీ వచ్చాక మా రోలుకి పనీ లేదు. పారెయ్యడానికి మా ఆవిడ మనసొప్పదు, మొయ్యడానికి నా నడుమొప్పదు. ఇల్లు మారినప్పుడల్లా అద్దాలు పగిలాయి, గాజు సీసాలు పగిలాయి, ఒకసారి టీవీ పగిలింది. రోలు? అబ్బే! ఆ సామెత పుట్టించినాయన కూడా రోలు మోసి మోసి విసిగిపోయి, కనీసం ఎండకైనా పగులుతుందేమోనని ఆశపడ్డాడని నా అనుమానం.

నలుగురం పట్టి డాబా ఎక్కించాం. మధ్య మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటుంటే ఎందుకో కోరంగి గుర్తొచ్చింది. ఒకప్పుడు బంగాళాఖాతంలో తిరిగే ఓడలు మరమ్మతుకి అక్కడికొచ్చేవి. 1839 తుపాను ఆ రేవుని దెబ్బతీసింది. పడవలు కట్టే వడ్రంగులు పలకని వేడి చేసి, కావాలనే వంచేవారు. కాటన్ దొర కాలువలు పొలాలకే కాదు, పడవలక్కూడా. లాకులు దాటుకుంటూ మన తాతలు పెళ్లిళ్లకి పడవల్లో వెళ్లారు. ఇప్పుడు కాలువ కట్టేస్తే అడుగున బయటపడేవి ప్లాస్టిక్ సంచులు, మందు సీసాలు. నీళ్ల మీద బతికిన జిల్లాలో నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ ముక్కని చూడ్డానికి జనం వస్తున్నారు.

బోర్డు సాపైంది, ఒక కొస తప్ప. జూన్‌లో కాలువలకి నీళ్లొదులుతారు. ఆ వెనకే వరద. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అవన్నీ అయ్యేదాకా బోర్డు మంచం కిందే. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే నీడన, చదునుగా పెట్టండి. బరువు కావాలంటే మా రోలు పట్టుకెళ్లండి. తిరిగి ఇవ్వక్కర్లేదు.